తెలిసి అడిగితే

బడి వెనక గది,
ఆదివారం.

పెద్దమ్మకు,

క్షేమ సమాచారాలన్నీ చివర్లో రాస్తాను. ముందే రాస్తే అవి చదివేసి నువ్వు కళ్లజోడు తీసేస్తావు. ఫోన్లో నీకు సగం వినపడదు, వినపడిన సగానికి నువ్వే పాఠం చెప్పేస్తావు. కాగితమైతే నా మాట పూర్తయ్యేదాకా ఆగక తప్పదు.

ఉద్యోగంలో చేరి ఏడు వారాలైంది. నాకిచ్చిన గది బడి గోడకి ఆనుకునే ఉంది. సెలవు రోజున కూడా కిటికీ తీస్తే నల్లబల్ల కనిపిస్తుంది. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఊడ్చిన గదినే మళ్లీ ఊడుస్తున్నాను. మూడో తరగతిలో ముప్ఫైనాలుగు మంది. డ్రైవర్ల పిల్లలు, ఆసుపత్రి ఆయాల పిల్లలు, బట్టలుతికేవాళ్ల కవలలు, కట్టే భవనాల వెంట ఊళ్లు తిరిగే పనివాళ్ల పిల్లలు. ఇళ్లలో నాలుగు రకాల భాషలు. బళ్లో మాత్రం అందరికీ మన మాట వచ్చు.

నా బెంగంతా ఒక పిల్ల గురించి. ఎనిమిదేళ్లది. అమ్మానాన్నలు గోడలకు సిమెంటు పూత పూస్తారు. ఆటస్థలంలో దాని నోటికి తాళం ఉండదు. ఎవరు దొంగ, ఎవరు దొర అన్నది అదే తేలుస్తుంది. తరగతిలో నేను బొమ్మ చూపించి "ఇదేమిటి?" అని అడిగానా, తల వంచేస్తుంది. అంతే. ఎంతసేపు నిలబెట్టినా ఎత్తదు. పిల్లలు దానికి 'బొమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది నేను కాదు, కానీ ఆపిందీ నేను కాదు.

ఈ బళ్లో ఏడాదికోసారి పై ఆఫీసు నుంచి ఒక పరీక్షాధికారి వస్తాడు. ఇరవై బొమ్మల అట్టలు చూపించి అడుగుతాడు. పన్నెండైనా చెప్పలేని పిల్లల్ని 'విడి తరగతి'కి పంపుతారు. అది పట్నానికి ఆ చివర వేరే భవనం. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ మామూలు తరగతికి రావడం తన ఎరుకలో లేదని మా హెడ్మాస్టరే చెప్పాడు. ఆ అధికారి వచ్చేదాకా ఇంకా రెండు నెలలుంది.

ముప్ఫయ్యొక్క ఏళ్లు పిల్లల్ని చూసినదానివి. నువ్వైతే ఏం చేస్తావు?

నేను బాగానే ఉన్నాను. చూశావా, చివర్లోనే రాశాను.

నీ పిట్ట.

*

మెట్ల పక్క ఇల్లు,
గురువారం.

ఒసే పిట్టా,

పొద్దున్నే పూలమొక్కల తొట్లకు నీళ్లు పోసి వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. పేరుకు తగ్గట్టు కొమ్మ మీద కాలు నిలవడం లేదన్నమాట నీకు. మంచిదే. మొదటి ఏడాది నిద్రపట్టిన టీచర్ని నేనెప్పుడూ నమ్మలేదు.

ముందు నా బాధ విను. పడకగది గోడ మళ్లీ చెమ్మెక్కింది. మోకాలెత్తున మూడు గుండ్రాలు, పక్కపక్కనే. రిటైరై ఈ ఇంట్లో దిగిన ఏడాది మొదలు తొమ్మిదేళ్లుగా ఇదే తంతు. ముగ్గురు మేస్త్రీలు వచ్చారు, పూశారు, వెళ్లారు. గుండ్రాలు మాత్రం చుట్టాల్లాగా మళ్లీ దిగుతున్నాయి.

ఇక నీ పిల్ల సంగతి. అది మొండి. అంతకుమించి ఏమీ లేదు. అలాంటివాళ్లను నేను బోలెడుమందిని చూశాను. ముందు బెంచీకి తెచ్చి కూర్చోబెట్టు. మిగతావాళ్లను ఒకసారి అడిగితే దాన్ని పదిసార్లు అడుగు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడగందే పిల్ల మాత్రం ఎందుకు చెబుతుంది? సిగ్గు విడిచేదాకా అడగడమే మందు. జాలిపడి వదిలేశావో, దాని గొయ్యి నువ్వే తవ్వినదానివవుతావు.

ఇంకో మాట. నీ ఉత్తరంలో ఎక్కడో ఒక వాక్యం తక్కువైనట్టుంది. ఆ పరీక్షకు పిల్లల పేర్లు టీచరే రాసివ్వాలి. కాగితం మీద సంతకం పెట్టావా?

పెద్దమ్మ.

*

బడి వెనక గది,
శనివారం.

పెద్దమ్మా,

పెట్టాను. చేరిన మూడో వారంలోనే పెట్టాను. అందరూ ఇస్తున్నారని ఇచ్చేశాను. పోయినసారి రాయడానికి సిగ్గేసి రాయలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను కూడా. ముందు బెంచీలో కూర్చోబెట్టి, రోజుకి నలభైసార్లు అడిగాను. గొడుగు చూపించి అడిగాను, చెంచా చూపించి అడిగాను, నా చేతి గడియారం చూపించి అడిగాను. అది తల వంచుకునే ఉంది. నాలుగో రోజున కళ్లలోంచి నీళ్లు బల్ల మీద పడ్డాయి. ఐదో రోజు నుంచి బడికి రావడం మానేసింది.

తల్లి సంతకం కూడా కావాలి కాబట్టి నిన్న సాయంత్రం బడి వదిలాక వాళ్లుండే చోటికి వెళ్లాను. సగం కట్టిన నాలుగంతస్తుల భవనం. కింద అంతస్తులో ఒక గది వాళ్లది. ఇంకా తలుపు పెట్టలేదు, దుప్పటి అడ్డం కట్టుకున్నారు. తల్లి చేతులు కడుక్కుని వచ్చింది. నానమ్మ సిమెంటు సంచి మడిచి దాని మీద నన్ను కూర్చోబెట్టింది. పిల్ల నన్ను చూడగానే నానమ్మ వెనక్కి వెళ్లిపోయింది.

నేను తల్లికి విషయం చెప్పాను. ఆమె నమ్మలేదు. అది పొద్దస్తమానం వాగుతూనే ఉంటుందమ్మా అంది. సరే చూడండని, పక్కనే ఉన్న తాపీ తీసి చూపిస్తూ పిల్లని ఇదేమిటో చెప్పమన్నాను. గోడలకు పూత పూసేవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకి తాపీ తెలియదా? అది తల వంచేసింది. కానీ పెద్దమ్మా, అక్కడితో ఆగలేదు. తల్లి కూడా మాట్లాడడం మానేసింది. చివరికి నానమ్మ నన్నడిగింది.

"అదేమిటో మీకు తెలీదా అమ్మా?"

"తెలుసు."

"మరి పిల్ల ఏం తప్పు చేసిందో చెప్పండి."

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆవిడే విడమర్చి చెప్పింది. వాళ్లలో పెద్దవాళ్లు తెలియని సంగతే అడుగుతారట. తెలిసిన సంగతి అడిగారంటే ఏదో తప్పు పట్టుకున్నారని అర్థం. 'కుండ ఎవరు పగలగొట్టారు' అని పగలగొట్టినదాన్నే చూస్తూ అడిగినట్టు. అప్పుడు ఎదురు చెప్పకూడదు, తల వంచుకుని నిలబడాలి. అదే మర్యాద. తెలియక అడిగితే చెప్పాలి, తెలిసి అడిగితే తల వంచాలి. మాటలు నేర్చేనాటికే పిల్లలకిది వచ్చేస్తుందట.

నాలుగు రోజులు రోజుకి నలభైసార్లు ఆ పిల్ల మీద నేరం మోపాను పెద్దమ్మా. అది నలభైసార్లూ మర్యాదగా తల వంచింది. దాన్ని నేను మొద్దు అనుకున్నాను, నువ్వు మొండి అన్నావు.

సంతకం అడగకుండానే వచ్చేశాను. పొద్దున హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి నేనిచ్చిన కాగితం వెనక్కివ్వమన్నాను. ఒకసారి పేరు ఎక్కాక దింపడం తన చేతిలో లేదన్నాడు. తల్లి సంతకం లేకపోయినా, ఆమె రాలేదని రాసి పంపేస్తారట. ఇంక ఐదు వారాలే ఉంది. ఏం చేయమంటావు?

పిట్ట.

*

మెట్ల పక్క ఇల్లు,
సోమవారం.

పిట్టా,

నీ ఉత్తరం అందింది. కాస్త ఒంట్లో నలతగా ఉండి ఆలస్యమైంది.

ఇంటి ఆనవాయితీ ఇంట్లో, బడి పద్ధతి బళ్లో. ముప్ఫైనాలుగు ఇళ్ల ఆనవాయితీలు తెలుసుకుని పాఠం చెప్పాలంటే నీ జన్మ చాలదు. ఆ పరీక్ష ఇన్నేళ్లుగా నడుస్తోందంటే తెలివిలేనివాళ్లు పెట్టింది కాదు. హెడ్మాస్టర్‌తో పేచీ పెట్టుకోకు, కొత్త ఉద్యోగం. పిల్లకి నాలుగు అట్టలు బట్టీ పట్టించి చూడు.

గోడకి నాలుగో మేస్త్రీని పిలిపించాను. రెండు పూతలు పూసి వెళ్లాడు.

పెద్దమ్మ.

*

బడి వెనక గది,
బుధవారం.

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో నువ్వు లేవు. నన్ను వెక్కిరించలేదు, ఒక్క సామెత అయినా వాడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ముందు మంచి సంగతి చెబుతాను. నీకు రాశాక సోమవారమే మళ్లీ వెళ్లి పిల్లని వెంటబెట్టుకుని వచ్చాను. దారిలో నాకు నిజంగా తెలియనిదే అడిగాను. గోడకి పూసిన పూత ఎండిందని చేయి పెట్టకుండా ఎలా తెలుస్తుంది? బడి గేటు దాకా చెబుతూనే ఉంది. రంగు ఎలా మారుతుందో, నీడలో గోడకి ఎన్నాళ్లు పడుతుందో, తొందరపడి రంగు వేస్తే ఎలా పొక్కులొస్తాయో. నాకు సగం అర్థం కాక మళ్లీ అడిగితే విసుక్కుంది కూడా. అది విసుక్కుంటే నాకెంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను.

ఇప్పుడు రోజూ ఒక పీరియడ్ నాకు తెలియని ప్రశ్నలే అడుగుతున్నాను. సిరా మరక పడిన చొక్కా చూసి కవలలు ఏ మరకకి చన్నీళ్లు, ఏ మరకకి వేణ్ణీళ్లో చెప్పారు. డ్రైవర్ కూతురు బ్రేకు చప్పుడు విని లారీకి ఏం జబ్బో చెప్పింది. అవన్నీ వాళ్ల చేతనే రాయిస్తున్నాను. ఇన్ని వారాల్లో ఒక్క ముక్క రాయని పిల్లలు కూడా పేజీ నింపుతున్నారు. తెలిసినవి అడగడం బళ్లో ఒక ఆట అనీ, తప్పు పట్టడం కాదనీ ఆ పిల్లకి చెప్పాను. ఒప్పుకుంది కానీ నమ్మకం లేదు. ఏదడిగినా ముందు "తెలిసి అడుగుతున్నారా, తెలియక అడుగుతున్నారా టీచర్?" అంటుంది. అది తరగతంతా పట్టుకుంది. నిన్న హెడ్మాస్టర్ వచ్చి ఏడో ఎక్కం ఎవరు చెబుతారని అడిగితే ముప్ఫైనాలుగు మందీ ఆయన్ని ఆ ప్రశ్నే అడిగారు. ఆయన చాక్‌పీసు కోసం వచ్చినట్టు ఒకటి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పిల్లనిప్పుడు 'బొమ్మ' అని ఎవరూ పిలవడం లేదు. 'మేస్త్రి' అంటున్నారు.

ఇక రెండోది. పరీక్ష రద్దు చేయించే దారేమైనా ఉందా అని ఆఫీసు బీరువాలోంచి ఆ అట్టల పెట్టె తీయించాను. అడుగున నియమాల పుస్తకం ఉంది. చివరి పేజీలో పద్ధతి తయారుచేసిన ముగ్గురి సంతకాలున్నాయి. మూడో సంతకం చివర తోక మెలితిరిగి వెనక్కి వచ్చింది. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ బదులు నువ్వు పెట్టిన సంతకం అదే కదా?

ఇరవై రెండేళ్ల కిందటి తేదీ. నాలుగు అట్టలు బట్టీ పట్టించమని రాసేటప్పుడు నీ చేయి ఎలా ఆడింది? ఈ పద్ధతి నీదేనని దాచి, ఏం చేయమంటావని నన్ను అడగనిచ్చావు. ఆ నానమ్మ లెక్కలో అదేమవుతుందో నువ్వే చెప్పు.

అదే పేజీలో ఒక నియమం ఉంది. పద్ధతి మీద అనుమానం వస్తే, తయారుచేసినవాళ్ల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలట. మిగతా ఇద్దరూ కాలం చేశారని మా క్లర్కు చెప్పాడు. ఇంక రెండు వారాలే ఉంది. నాకు కోపంగా ఉంది పెద్దమ్మా. అయినా నిన్నే అడుగుతున్నాను.

పిట్ట.

*

మెట్ల పక్క ఇల్లు,
ఆదివారం.

పిట్టా,

తిట్టడం బాగానే నేర్చుకున్నావు. నా పెంపకమే.

నలత అని అబద్ధం రాశాను. ఆ నానమ్మ మాటలు చదివిన రోజున నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

ఆ పద్ధతి చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు. అప్పట్లో టీచర్లు బట్టలు మాసిన పిల్లల్ని, తమకు నచ్చని పిల్లల్ని ఇష్టం వచ్చినట్టు వెనక బెంచీలకు తోసేసేవాళ్లు. అందరికీ ఒకే అట్టలు, ఒకే ప్రశ్న పెడితే ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండవని వాదించినదాన్ని నేనే. గొడుగు, చెంచా, దీపం ఏరినదాన్ని కూడా నేనే. ఒకే ప్రశ్న అందరి ఇళ్లలో ఒకే ప్రశ్న కాదని నాకు తోచలేదు. అప్పుడెవరైనా చెప్పినా వినేదాన్ని కాదు. నీకు తెలుసు కదా నా సంగతి.

మొదటి ఏడాది మా బడి నుంచే ఒక పిల్లని పంపాను. దాని పాదాలకు ఎప్పుడూ సిమెంటు అంటుకుని ఉండేది. ఇరవై అట్టలూ నేనే చూపించాను. అది తల ఎత్తలేదు. వెళ్లేరోజున "ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను. అప్పుడు కూడా తల వంచుకునే ఉంది. నాకు తెలిసే అడుగుతున్నానని అనుకుని ఉంటుంది. పిట్టా, ఇన్నేళ్లలో నాకు ఎంతమంది పిల్లల ముఖాలు గుర్తున్నాయో లెక్కలేదు. దాని ముఖం ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. పాపిడి ఒక్కటే గుర్తుంది. తిన్నగా, నున్నగా దువ్విన పాపిడి. ఏడాదంతా నేను చూసింది అదే.

దీంతో రెండు కాగితాలు పెడుతున్నాను. ఒకటి మీ పరీక్షాధికారికి. పద్ధతి తయారుచేసినవాళ్లలో బతికున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఇది తప్పని, దీన్ని ఆపాలని నా పేరుతో రాశాను. సంతకం తోకతో సహా పెట్టాను.

రెండోది మీ మేస్త్రికి. నా గోడ సంగతంతా రాసి, ఏం చేయాలో చెప్పమని అడిగాను. దాన్ని పరీక్షించడానికి కాదు. నాలుగో మేస్త్రి పూసిన పూత మీద కూడా నిన్నటికి మూడు గుండ్రాలూ వచ్చేశాయి. నాకు నిజంగా తెలియదు. ఆ మాట దానికి చెప్పు.

పెద్దమ్మ.

*

కొత్త బిల్డింగు, కింద గది,
మంగళవారం.

టీచర్ గారి పెద్దమ్మ గారికి,

మీరు తెలియకే అడిగారని టీచర్ చెప్పారు. అందుకే రాస్తున్నాను.

చెమ్మ పైనుంచి వస్తే కప్పు చూడాలి. కింద నుంచి వస్తే నేల చూడాలి. మీ గోడకి కిందా లేదు, పైనా లేదు, మధ్యలో ఉంది. అంటే అవతల నుంచి వస్తోంది. మూడు గుండ్రాలు అని రాశారు. అవతల మూడు ఏవో ఉన్నాయి. అవి ఏమిటో నాకు తెలియదు. మీరు బయటికి వెళ్లి చూడండి. వాటి దగ్గర ఎవరు నీళ్లు పోస్తున్నారో చూడండి. వాళ్లని తిట్టకండి, వాళ్లకి తెలిసి ఉండదు.

నలుగురు మేస్త్రీలూ లోపల పూశారు. లోపల పూస్తే చెమ్మ దాక్కుంటుంది, పోదు అని మా నానమ్మ అంటుంది. ముందు అవతల నీళ్లు ఆపండి. తర్వాత ఎండనివ్వండి. ఎండేదాకా రంగు వేయకండి. తొందరపడితే మళ్లీ పొక్కులు వస్తాయి.

గోడ ఇటుకదా, రాయిదా? మీరు రాయలేదు.

ఇట్లు,
మేస్త్రి.

*

బడి వెనక గది,
శుక్రవారం.

పెద్దమ్మా,

మేస్త్రి ఉత్తరం నేరుగా నీకు పోస్టు చేశాను. ఒక్క అక్షరం దిద్దలేదు. నకలు మాత్రం రాసి ఉంచుకున్నాను.

నిన్న పరీక్షాధికారి వచ్చాడు. నెమ్మదైన మనిషి, మెడకి మఫ్లరు. ఎదురుగా కూర్చోబెట్టి గొడుగు అట్ట చూపించాడు. మేస్త్రి ఆయన్ని అడగనే అడిగింది, తెలిసి అడుగుతున్నారా అని. ఆయన అబద్ధం చెప్పలేక, "తెలిసేనమ్మా" అన్నాడు. అంతే, తల వంచేసింది. ఇది బడి ఆట అని నేను ఎన్నిసార్లు చెప్పానో. కొత్త మనిషి ముందు ఎనిమిదేళ్ల మర్యాదే గెలిచింది. ఇరవై అట్టలూ అయిపోయాయి. ఇరవై సున్నాలు పడ్డాయి.

అప్పుడు నీ కాగితం ఇచ్చాను. నానమ్మ చెప్పింది చెప్పాను. మేస్త్రి ఉత్తరం నకలు, దాని నోటుపుస్తకం ఆయన ముందు పెట్టాను. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఇది ఎవరు చెప్పి రాయించారని నన్నడిగాడు. గోడల గురించి నాకు గోడకి తెలిసినంత కూడా తెలియదండీ అన్నాను. ఆయన నవ్వలేదు. చివరికి కాగితం మీద దాని పేరు కొట్టేసి, మూడో తరగతిలోనే కొనసాగించాలని రాశాడు. నీ కాగితం పై ఆఫీసుకు పంపుతానని, పద్ధతి మార్చాలో వద్దో అక్కడ తేలుస్తారని చెప్పాడు.

సంతోషించాలి. రాత్రంతా సంతోషించాలనే చూశాను. కానీ పక్క సెక్షన్ నుంచి నిన్న ఇద్దరు విడి తరగతికి వెళ్లిపోయారు పెద్దమ్మా. పై ఆఫీసు నుంచి జవాబు వచ్చేదాకా ఆపలేమన్నారు. వాళ్ల ఇళ్లలో ఏ ఆనవాయితీ ఉందో ఎవరూ వెళ్లి చూడలేదు. ఇవాళ సాయంత్రం వాళ్ల ఇళ్లకు వెళ్తున్నాను. గది ఊడవడం మానేశాను.

ఇటుకా, రాయా అని మేస్త్రి రోజూ అడుగుతోంది.

పిట్ట.

*

మెట్ల పక్క ఇల్లు,
శనివారం.

పిట్టా,

ఇటుక గోడేనని మేస్త్రికి చెప్పు.

దాని ఉత్తరం చదివి బయటికి వెళ్లాను. పడకగది గోడ అవతల మూడు తొట్లు, గోడకి ఆనించి. తొమ్మిదేళ్లుగా పొద్దున్నే వాటికి నీళ్లు పోస్తున్నది ఎవరో నీకు తెలుసు. నలుగురు మేస్త్రీలను తిట్టి పంపాను. నన్ను మాత్రం తిట్టకండని ఆ పిల్ల ముందే రాసిపెట్టింది. తొట్లు వరండాలోకి జరిపించాను. గోడని ఎండనిస్తున్నాను, రంగు వేయను.

పై ఆఫీసు జవాబు కోసం నువ్వు ఎదురుచూడొద్దు. సోమవారం బస్సులో నేనే వెళ్లి, వాళ్ల మెట్ల మీద కూర్చుంటాను. నా చెవుడు ఇన్నాళ్లకి పనికొస్తుంది. కుదరదని వాళ్లెంత చెప్పినా నాకు వినపడదు.

అసలు సంగతి ఇంకోటుంది. మా పాత బడికి వెళ్లి రిజిస్టరు తీయించాను. పాపిడి పిల్ల పేరు దొరికింది. అటెండరు వాకబు చేశాడు. ఇప్పుడు ముప్ఫై ఏళ్లామె. ఇక్కడికి రెండు గంటల దూరంలో, బస్టాండు వెనక కుట్టుమిషను పెట్టుకుందట. చదువు విడి తరగతితోనే ఆగిపోయిందట. బుధవారం వెళ్తున్నాను. వెళ్లి ఏం చేయాలో తెలియడం లేదు. మన అలవాటు ప్రకారం తప్పయింది, క్షమించమని చెబితే ఆమెకు అది మళ్లీ ఏమని వినిపిస్తుందో తెలియదు. నేను ఏదైనా అడిగితే మళ్లీ తల వంచేస్తుందేమోనని భయంగా ఉంది.

అందుకని బుధవారం లోపల మేస్త్రి వాళ్ల నానమ్మని ఒక మాట అడిగి నాకు రాయి. వాళ్లలో పెద్దవాళ్లే పొరపడి, తప్పు లేని పిల్లని తెలిసి అడిగి తల వంచేలా చేస్తే, తర్వాత ఆ పెద్దవాళ్లు ఏం చేస్తారు? ఎలా నిలబడతారు? ముందు ఎవరు మాట్లాడాలి?

తెలియకే అడుగుతున్నానని చెప్పు.

పెద్దమ్మ.